మగ్గం చప్పుడు కింద స్పానిష్

నేను స్పానిష్ పైకి చదివేది నాన్న మగ్గం ఆడుతున్నంతసేపే. ఆ చప్పుడు కింద నా గొంతు ఎవరికీ వినపడదు. మగ్గం ఆగితే నేనూ ఆగిపోతాను. ఫోనులో పాఠం చెప్పే టీచరు మైకు పాడైందేమో చూసుకోమని ఇప్పటికీ అంటూనే ఉంటారు. ఈ భాష వస్తే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం దొరుకుతుందన్న ఆశతో మొదలుపెట్టాను. మనుషుల ఎదుట మాట్లాడనక్కర్లేని ఉద్యోగం.

మాది పామర్రు దాటాక ఒక నేత వీధి. ముందు గదంతా గుంట మగ్గమే. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి, అడుగునున్న చెక్కల్ని తొక్కుతూ నాన్న నేస్తాడు. నేను గోడవారన పీట మీద కూర్చుంటాను.

ఆ వానాకాలంలో మా పాఠం జంట మాటల మీద నడుస్తోంది. ఆ భాషలో ప్రతి వస్తువూ ఆడో మగో అయి తీరాలి. మాట ముందు 'ఎల్' పెడితే మగ, 'లా' పెడితే ఆడ. కొన్ని మాటలకు అది మారిస్తే అర్థమే మారిపోతుంది. ఎల్ కోలెరా అంటే కలరా, లా కోలెరా అంటే కోపం. ఎల్ మార్హెన్ అంటే కాగితం అంచున వదిలే ఖాళీ, లా మార్హెన్ అంటే ఏటిగట్టు. మాట అలాగే ఉంటుంది, కాగితం ఉన్నచోట ఏరు వచ్చేస్తుంది. డైరీలో ఆ జంటలు రాసుకుంటుంటే ఎందుకో గుబులుగా ఉండేది.

"ఏంటమ్మా ఆ మంత్రాలు?" అన్నాడు నాన్న, పోగుల మధ్య అడ్డంగా నాడె విసురుతూనే.

"ఎల్ కూరా అంటే చర్చిలో ఫాదర్ గారు. లా కూరా అంటే వైద్యం."

"మరి తినే కూరేది? మీ అమ్మనడుగు, అది ఆడో మగో."

"వండినప్పుడు తింటే తెలుసుద్ది," అంది అమ్మ వంటగదిలోంచి.

"మనకి ఈ పేచీ లేదులే. అక్క వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది. అన్నిటికీ ఒకటే మాట," అని నవ్వాడు నాన్న.

ఆ మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. వీధి ఆరుతోంది. గుంటలో మాత్రం చెమ్మ చేరింది. వానాకాలంలో మా వీధిలో ప్రతి గుంటా ఊరుతుంది. పాత డబ్బాతో తోడిపోసుకుని మళ్లీ కూర్చుంటారు. దాన్ని ఊట అంటారు, ఎవరూ దాని గురించి ఆలోచించరు. నాన్న కూడా తోడాడు. కాసేపటికి మళ్లీ తోడాడు. గుమ్మం బయట పోసిన నీళ్లు చూశాను. ఊట నీళ్లు తేటగా ఉంటాయి. ఇవి ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, బురద నీళ్లు."

"గుంట గోడ కరుగుతోందిలే. ఊటే."

అప్పుడే బెజవాడ నుంచి అక్క ఫోన్ చేసింది. గుణదల దగ్గర వాళ్ల ఇల్లు. "మా మెట్లెక్కినయ్యే నీళ్లు! మేం మేడ మీదున్నాం. మీ వీధి వెనక మురుక్కాలవ చూసుకున్నారా? నాన్నని లేపవే!" అంది. తర్వాత ఫోను కలవలేదు.

అమ్మ బట్టలు మూటగట్టడం మొదలుపెట్టింది. "ఏవండీ, లేవండి. చీర కోసేయండి, అయినంతవరకైనా దక్కుద్ది."

నాన్న తలెత్తలేదు. మగ్గానికి ఎక్కించిన నిలువు పోగుల పడుగులో ఇదే ఆఖరి చీర, పమిట ఇంకా కొంత మిగిలి ఉంది. మా ఇంట్లో సగం నేసిన చీర మీద కత్తెర పెట్టరు. ఇంట్లో చావు జరిగినా మైల తీరాక వచ్చి పూర్తి చేస్తారు గానీ మధ్యలో కొయ్యరు. "మా అయ్య కొయ్యలా, నేను కొయ్యను," అన్నాడు. "పమిట అయిపోవచ్చింది. మీరు పదండి, వెనకాలే వస్తా."

భయమేసి నేను మళ్లీ జంటలు మొదలుపెట్టాను. ఎల్ ఫ్రెంతె, యుద్ధరంగం. లా ఫ్రెంతె, నుదురు. నా మాటలు నాకే గట్టిగా వినిపించాయి. మగ్గం ఆడుతూనే ఉంది, కానీ దాని చప్పుడు తగ్గింది. చెక్క నేలకు తగిలే ఆ టక్కు లేదు. దాని బదులు చపుక్కుమంటోంది. వంగి చూస్తే నాన్న పిక్కలు కనిపించలేదు. వీధి ఇంకా పొడిగానే ఉంది. నీళ్లు గుమ్మంలోంచి రావడం లేదు, మా ఇంటి కిందనుంచి వస్తున్నాయి.

"లే నాన్నా!"

ఆయన తొక్కాడు. నేను గుంటలోకి దిగాను. నీళ్లు చల్లగా మోకాలికి తగిలాయి. చెక్క మీద కాలు పెట్టి నొక్కి ఉంచాను. ఆయన రెండోసారి తొక్కబోయాడు, అది కదల్లేదు.

"తియ్యమ్మా కాలు."

"తియ్యను."

మగ్గం ఆగింది. అప్పుడు వినిపించింది, గుంట గోడలోంచి మట్టి పెళ్లలు ఊడి నీళ్లలో పడుతున్న చప్పుడు. నాన్న తన కాళ్లున్న వైపు చూశాడు. తర్వాత అమ్మ వైపు చెయ్యి చాచాడు.

"కత్తెరియ్యి."

పోగులు తెగుతుంటే చిన్నగా చప్పుడైంది. అమ్మ ముఖం తిప్పుకుంది. పమిట పూర్తికాని ఆ చీరను తల మీద పెట్టుకుని ఆమె ముందు నడిచింది, మేం వెనక నడిచాం. స్కూలు మేడ ఎక్కి తిరిగి చూసేసరికి మా వీధి మెరుస్తోంది. అక్కడినుంచి రోడ్డేదో కాలవేదో తెలియలేదు.

అక్కావాళ్లు క్షేమంగానే బయటపడ్డారు. నీళ్లు తీశాక గుంటలో బురద ఎత్తిపోసుకుని, గోడలు మెత్తించుకుని, కొత్త పడుగు ఎక్కించాం. కోసిన ఆ చీరను అమ్మ ఎవరికీ ఇవ్వలేదు, తనూ కట్టలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఊట అనరు. నాన్న నేస్తూ నేస్తూ ఆగుతాడు. కాళ్లు పైకెత్తి, తల ఒక పక్కకు వంచి వింటాడు. నేనూ మాట మధ్యలోనే ఆగిపోతాను.

మొన్న మంచి ఎండలో అలాగే ఆగాడు.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. నువ్వు చదువుకో," అన్నాడు. కానీ కాళ్లు దించలేదు.