పిండిన గొంతు, పిండని గొంతు

గుడియాత్తం బజారులో లుంగీల అంగడి నడిపే తిరువేంగడం పిలిచాడంటే వీధి మలుపు దాకా వినిపించేది. ఆ గొంతులోనే పుండు లేచింది. స్వరపేటిక తీసేయక తప్పదని, తర్వాత మునుపటిలా మాట్లాడలేడని వేలూరులో డాక్టరమ్మ మెల్లగా చెప్పింది. వైద్యం కోసం తండ్రిని వేలూరు పక్కనే తొరపాడిలో ఉన్న తన ఇంటికి తెచ్చుకున్న కూతురు పవిత్రకు ఆనాటి నుంచి ఒకటే ఆరాటం, పోయేలోపు ఆ గొంతును దాచిపెట్టాలని.

వారమంతా చెప్పుల ఫ్యాక్టరీలో నిలబడిన కాళ్లు ఇంకా పీకుతూనే ఉన్నాయి. అయినా ఆదివారం మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాన్ ఆపి, ఫోన్ ఆయన నోటి ముందు పెట్టింది.

“ఏం మాట్లాడేదమ్మా?”

“అంగట్లో పిలుస్తావే, అట్ల పిలువు నాయనా. తర్వాత నా పేరు.”

“రండమ్మా రండి! ఉతికినా రంగు పోని లుంగీ!” అని పిలిచి దగ్గాడు. “పవిత్రా, ఎప్పుడు వస్తివే?” ఇద్దరికీ చెమట కారిపోతోంది. “పోదుమమ్మా, ఇంక చాలు. గొంతు లాగతా ఉండాది.”

తర్వాత వింటే నీళ్లలోంచి మాట్లాడినట్టుంది. ఫ్యాక్టరీలో ఆమె పక్కన కుట్టుపని చేసే నివేద, చర్చి పాటలు ఇంట్లోనే రికార్డు చేసుకుంటుంది. పవిత్ర ఫోన్ ఇస్తే ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నది.

“చోటు మిగిలించేదానికి ఫోను గొంతును పిండి చిన్న ఫైలు చేసేసినాది అక్కా. సన్న సద్దులన్నీ పోయినాయి. ఫైలు పెద్దదిగా మార్చినా పోయింది రాదు. రికార్డింగు సెట్టింగులో పిండకుండా దాచే వేవ్ అని ఒకటి ఉంటాది, దాంట్లో పెట్టి మళ్లా తియ్యి. బరువుగా ఉంటాది, అయితే ఏమీ పోదు.”

ఫోన్‌లో చోటు లేదు. పవిత్ర తన పెళ్లి వీడియో తీసేసి, మరుసటి ఆదివారం మళ్లీ దుప్పటి కట్టింది.

“మళ్లానా?” అని విసుక్కుంటూనే తిరువేంగడం కూర్చున్నాడు. అవే మాటలు అన్నాడు. ఈసారి ఊపిరి, బొంగురు, మాట మధ్యలో మింగిన గుటక కూడా వినిపించాయి. నాయన పూర్తిగా దొరికాడనుకుంది పవిత్ర.

ఆపరేషన్ అయింది. మెడకు రంధ్రంతో ఇంటికి వచ్చిన తిరువేంగడం ఒక సాయంత్రం చెవి చూపించి, తన గొంతు వినిపించమని సైగ చేశాడు. పవిత్ర ముందు వేవ్ పెట్టింది. బొంగురు వినగానే ఆయన మొహం తిప్పుకుని, ఆపమని చెయ్యి ఊపాడు. మొదటి ఆదివారం తీసిన పాతది పెట్టింది. కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ పెట్టమని వేలు తిప్పాడు.

“ఇది బాగలేదు నాయనా. సగం పోయుండాది.”

ఆయన గొంతు తడుముకుని, ఫోన్ చూపించి, దాంట్లో అదేమీ లేదన్నట్టు చెయ్యి విదిలించాడు.

“దీంట్లో సీక్కు వినపడలేదనా?”

తల ఊపాడు. సన్న సద్దులతోపాటు జబ్బు గరగర కూడా కొంత చెరిగిపోయిందని పవిత్రకు అప్పుడు తట్టింది. వాదించే ఓపిక లేదు. చిన్న ఫైలును ఆయన ఫోన్‌లో వేసింది, బరువైనది తన దగ్గర పెట్టుకుంది.

ఫ్యాక్టరీ బస్సులో ఇంటికొస్తూ అప్పుడప్పుడు దాన్ని వింటుంది. చాలాసార్లు ఆ గుటక దగ్గరే ఆపేసి, తల కిటికీకి ఆనించుకుంటుంది.