పాలెంలో నేను తీసిన పిల్లల లెక్క

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం అనుకునేరు, పట్టుమని పదేళ్ళు కాలేదు. కాకపోతే నాకప్పుడు అన్నీ తెలుసన్న నమ్మకం ఉండేది. కావలి అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టే పాలెంలో మొదటి ఉద్యోగం. ఒక్క గది బడి, పదిహేనుమంది పిల్లలు, ఒకే అయ్యవారు (అది నేనే). కొత్తగా ఐదుగురు చేరకపోతే బడి ఎత్తేసి ఉప్పుకాలువ అవతలి ఊరి బడిలో కలిపేస్తామని పైనుంచి కబురొచ్చింది. వారం గడువు. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, అదేదో రాచరహస్యమైనట్టు!

రిజిస్టరు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. పడవలు వేటకు పోయి ఉన్నాయి, ఇళ్ళ దగ్గర ఆడవాళ్ళే. "ఎంతమందమ్మా పిల్లలు?" అని సర్కారు గొంతుతో అడిగేవాణ్ణి. "ఒక్కడే సారూ, మీ బళ్ళోనే ఉండాడు" అంది ఒకావిడ. ఆవిడ కొంగు వెనక ఇంకో రెండు జతల కాళ్ళు కనబడుతున్నాయి. "మరి వీళ్ళో?" అంటే "పక్కింటోళ్ళ బిడ్డలు" అంది. పక్కింటికి పోతే వాళ్ళు అవతలింటి వాళ్ళయ్యారు. ఊరి చివరికొచ్చేసరికి ఆ పిల్లలకు తల్లే లేకుండా పోయింది! నాకు ఒళ్ళు మండింది. చదువు పట్టని జనమని తీర్మానించి, "కొత్తవారు లేరు" అని రాసి, సంతకం గీకి, కావలి ఆఫీసులో ఇచ్చి వచ్చాను. నిజాయితీపరుణ్ణని గర్వం కూడానూ.

మూడోనాడు పడవలు ఒడ్డుకొచ్చాయి. మర్నాడు పొద్దున్నే తలలకు నూనె రాసి, ఏడుగురు పసివాళ్ళను తల్లులే బడికి తెచ్చారు. సంగతి విని, బళ్ళో అన్నం వండే అక్క నెత్తి కొట్టుకుంది.

"మొగోళ్ళు నీళ్ళమీద ఉండంగా ఇంట్లో బిడ్డల్ని ఎవురన్నా లెక్కబెట్టి చెప్తారా సారూ? కీడు గదా! ఏం పేరని అడిగుంటే చెప్పుండేవోళ్ళే. నన్నన్నా అడగబళ్ళేదా?"

అడగలేదు. వంటమనిషిని అడిగేదేమిటనుకున్నాను. బస్సెక్కి కావలి పరిగెత్తాను. "మొన్న లేని బిడ్డలు ఇయ్యాల ఎట్ట పుట్టినారయ్యా? సంతకం నీదేగా?" అన్నాడు గుమాస్తా. గడువు ఇంకా తీరకపోయినా, జాబితా అప్పటికే పైకి వెళ్ళిపోయింది.

బడికి తాళం వేసిన రోజు, ఆ ఏడుగురిలో ఒకతె, అక్క మనవరాలు, కొత్త పలకతో మెట్టుమీద కూర్చుంది. "రేపు తీస్తావా సారూ?" అంది. నాకు ఏడుపొచ్చేసింది. "నువ్వుమాత్రం ఏంజేస్తావులే నాయనా, చిన్నోడివి" అని అక్క నన్నే ఓదార్చింది. మగపిల్లలు కాలువ దాటి ఆ బడికి వెళ్ళారు. మనవరాలిని అంత దూరం పంపలేదు.

మొన్న నెల్లూరు చేపల మార్కెట్లో "సారూ!" అని ఎవరో పిలిస్తే చూశాను. ఆ మనవరాలే, చేపల గంప ముందు కూర్చుని ఉంది. వద్దంటున్నా రెండు చేపలు ఎక్కువ వేసింది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టి, "ఏందో మెసేజొచ్చింది, రవ్వంత చదివిపెట్టు సారూ" అంది. చదివి చెప్పాను.

"ఎంత బిరబిరా చదివేస్తావు సారూ!" అని మెచ్చుకుంటూ నవ్వింది. నేనూ నవ్వాను. ఈ వయసులోనూ అంతకన్నా ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.