నాలుగు అంగుళాల మెట్టు

2011 సెప్టెంబరు నెలాఖరులో, సకల జనుల సమ్మె సాగుతున్న రోజుల్లో, ఎల్.బి.నగర్‌లో ఒక కొత్త అపార్ట్‌మెంటు రెండో అంతస్తు ఫ్లాటును రిజిస్ట్రేషన్‌కు ముందు చూసిపెట్టే పని నాకు వచ్చింది. పిలిచినాయన పేరు నర్సింహ. పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం. తండ్రి మగ్గం నేశాడు, ఈయన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం నడిపేవాడు. బస్సులు తిరగటం లేదు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటి నుంచి కొత్తపేట మీదుగా నడిచి వెళ్ళాను.

నా అర్హత ముందే చెప్పాలి. నేను ఇంజినీరును కాను. ఇంటర్ తప్పాక ఒక కాంట్రాక్టరు దగ్గర కొలతల పుస్తకం రాసే గుమాస్తాగా చేరాను. ఏ రోజు ఎంత పని జరిగిందో పొడవు, వెడల్పు, లోతు కొలిచి రాసే పుస్తకం అది. పదహారేళ్ళు రాశాను. కోఠిలో పాత పుస్తకాలు కొని, పైపుల వాలు, ఇనుము లెక్క, కాంక్రీటు పాళ్ళు సొంతంగా నేర్చుకున్నాను. తర్వాత కొనేవాళ్ళ తరపున కొత్త ఇళ్ళు చూసిపెట్టే పనిలోకి దిగాను. కొలుస్తాను, లెక్క కడతాను, రాసిస్తాను. కట్టడం బలం గురించి మాత్రం తీర్పు చెప్పను. అనుమానం వస్తే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవమని రాస్తాను. మోకాళ్ళు మెట్లకు ఒప్పుకోక పని మానేసేదాకా ఈ హద్దు దాటలేదు.

బ్యాంకు ఇంజినీరు చూసి పోయాక మళ్ళీ మీరెందుకని చాలామంది అడిగేవారు. బ్యాంకు మనిషి చూసేది తాకట్టు విలువ. మునిసిపాలిటీ చూసేది ప్లాను, చుట్టూ వదిలిన జాగా, అంతస్తుల లెక్క. సైటు ఇంజినీరు అన్నీ చూస్తాడు, కానీ ఆయనకు జీతమిచ్చేది బిల్డరు. కిటికీ అంచు బయటికి వాలిందా, లోపలికి వాలిందా అని కొనేవాడి తరపున చూసేవాడు ఈ వరసలో ఎవరూ లేరు. పైగా ఈ చూడటానికి ఒక గడువుంది. రిజిస్ట్రేషన్ కాకముందు తప్పు చూపిస్తే బిల్డరు మేస్త్రీని పంపుతాడు. అయ్యాక చూపిస్తే, పంపిస్తానని చెప్తాడు.

సమ్మె వల్ల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పని ఆగింది. అందువల్ల నాకు మామూలుగా దొరికే ఒక పూటకు బదులు రెండు రోజులు దొరికాయి. గోడల నిలువు చూడటానికి తాడుకు కట్టిన గుండు వేలాడదీశాను. నేల సమంగా ఉందో లేదో చూడటానికి రసమట్టం పెట్టాను. చిన్న సుత్తితో టైల్సు ఒక్కొక్కటీ తట్టాను. కింద సిమెంటు నిండని టైలు డొల్లగా మోగుతుంది. హాల్లో అలాంటివి పంతొమ్మిది ఉన్నాయి. వంటింటి బాల్కనీ వాలు లోపలికి ఉంది. రెండు ప్లగ్గులకు ఎర్తు వైరు లేదు. మొత్తం ఇరవై ఏడు తప్పులు తేలాయి.

టేపు రెండో కొస పట్టుకున్నది నర్సింహ బావమరిది శ్రీశైలం. పొద్దున ధర్నాలో కూర్చుని మధ్యాహ్నం ఫ్లాటుకు వచ్చేవాడు. బిల్డరు సుబ్బారావు గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళుగా ఇక్కడ కట్టడాలు చేస్తున్న మనిషి. శ్రీశైలానికి అదొక్కటే చాలు.

"ఆంధ్రాయన కట్టిండన్నా. ఒక్కటి గూడ ఇడిచిపెట్టకు, అన్ని రాయి."

"టేపు జర గట్టిగ గుంజు. ఒంగితే అర అంగుళం తేడా వస్తది" అన్నాను.

సుబ్బారావు జాబితా నిలబడే చదివాడు. మూడింటికి ఒప్పుకోలేదు, ఇరవై నాలుగు సరిచేయిస్తానని సంతకం పెట్టాడు. కార్తీకంలో పాలు పొంగించుకోవాలని నర్సింహ వాళ్ళకు ఉందని ఆయనకు తెలుసు. ఆఫీసు తెరిచిన రోజే రిజిస్ట్రేషన్ పెట్టుకుందామన్నాడు. నర్సింహ సరేనన్నాడు. నా పని కూడా అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున రిపోర్టు శుభ్రంగా తిరగరాస్తుంటే ఒక అంకె దగ్గర చెయ్యి ఆగింది. "పడకగది బాత్రూం: గడప దగ్గర మెట్టు, 4 అంగుళాలు. పెద్దవాళ్ళకు ఇబ్బంది." నా చేత్తో రాసిందే. ఏ ఇంట్లోనైనా బాత్రూం నేల గది నేల కన్నా అంగుళం కిందికి ఉంటుంది. ఇక్కడ పైకి ఎందుకుంది? ఈ ప్రశ్న నిన్న అక్కడే వేసుకోవాల్సింది. వేసుకోలేదు.

మంజూరైన ప్లాను తీసి పక్కన పెట్టుకున్నాను. ప్లానులో ఆ బాత్రూం గదికి ఈశాన్యం మూల, పైపులు దిగే డక్టును ఆనుకుని ఉంది. ఫ్లాటులో చూస్తే ఈశాన్యంలో దేవుడి అర ఉంది, బాత్రూం వాయవ్యానికి పోయింది. కారణం ఎవరైనా ఊహించగలరు. నాకు కావలసింది పైపు. కొత్త మూల నుంచి డక్టుకు పద్నాలుగు అడుగులు. మరుగుదొడ్డి పైపుకు నలభైకి ఒకటి చొప్పున వాలు ఇవ్వాలి. అంటే నాలుగు అంగుళాలకు కొంచెం పైన. పైపు మందం మరో నాలుగుంబావు. పైన కప్పే సిమెంటు, టైలు కలిపి రెండు. నేల పదిన్నర అంగుళాలు ఎత్తు పెరగాలి. పెరిగింది నాలుగు. ఎంత పొదుపుగా వేసినా ఆ నాలుగులో ఆ పైపు పట్టదు.

అంటే ఆ పైపు నేలలో లేదు. స్లాబుకు కన్నం పెట్టి కిందికి దింపి, కింది ఇంటి కప్పు వెంట డక్టు దాకా తీసుకుపోయి ఉండాలి. ఆ దారిలో ఏముందో చూడటానికి మళ్ళీ ఎల్.బి.నగర్ నడిచాను. పార్కింగులో నిలబడి తలెత్తితే బీములు ఎట్లా పోయాయో తెలుస్తుంది. ప్రతి అంతస్తులోనూ అవే వరసలు ఉంటాయి. పాత బాత్రూం గోడ కిందుగా, డక్టుకు ఇవతల, ఒక బీము అడ్డంగా ఉంది. పైపు దాన్ని దాటకుండా డక్టుకు చేరలేదు.

అక్కడి నుంచి దుకాణానికి వెళ్ళాను. షట్టరు సగం దించి ఉంది. నర్సింహ ఒక్కడే చీరలు మడత పెడుతున్నాడు. బాత్రూం ఎవరు మార్చారని అడిగాను. చేతిలోని చీర మడత పూర్తి చేసి పక్కన పెట్టాడు.

"అమ్మ ఒప్పుకోలే సార్. ఈశాన్యంల లెట్రిన్ ఉంటే ఇంట్ల అడుగు పెట్టనన్నది. బిల్డర్‌ను అడిగిన, కుదరదన్నడు. వాస్తు చెప్పినాయన ఒక ప్లంబర్‌ను తోలిచ్చిండు. అప్పుడే రెండు దినాలు బంద్ వచ్చింది. సైటుమీద ఎవ్వరు లేరు, కింది ఇల్లు గూడ ఖాళీనే ఉండె."

"బీముకు కన్నం కొట్టిండా?"

"జరంత కొట్టిన అన్నడు. నేను కిందికి పోయి చూడలే."

అల్మారాల పని కోసమని ఫ్లాటు తాళం అప్పటికే ఈయన దగ్గర ఉంది. కింది ఇంటి తాళం వాచ్‌మన్ దగ్గర దొరికింది. బిల్డరు కాదన్న పని, బిల్డరు మనుషులు రాలేని రెండు రోజుల్లో అయిపోయింది.

అదే రోజు నర్సింహ, శ్రీశైలం, నేను ముగ్గురం మొదటి అంతస్తుకు వెళ్ళాం. ఆ ఇంట్లో రూతమ్మ, ఆమె తల్లి ఉంటారు. రూతమ్మ ఒక ప్రైవేటు దవాఖానలో నర్సు, నల్గొండ వైపు ఊరు. సమ్మె మొదలుకాకముందే రిజిస్ట్రేషన్ చేయించుకుని దిగారు. పై ఇంటి పైపులు చూస్తామంటే తలుపు తీసింది. పడకగదిలో అటకకు ప్లైవుడ్ తలుపులున్నాయి. స్టూలు ఎక్కి వాటిని తీశాను.

నాలుగంగుళాల పైపు కోసం బీముకు ఏడంగుళాల కన్నం కొట్టారు. బీము లోతు పద్దెనిమిది అంగుళాలు. కన్నం పిల్లరుకు అడుగున్నర దూరంలో ఉంది. బీమును అడ్డంగా తెంచే కోత బలం ఎక్కువగా పడేది పిల్లరు పక్కనే. ఆ బలాన్ని ఆపటానికే అక్కడ ఇనుప రింగులు దగ్గర దగ్గరగా కడతారు. వాటిలో రెండు తెగి ఉన్నాయి. కన్నం మూల నుంచి పిల్లరు వైపు ఒక సన్నని పగులు ఏటవాలుగా పోయింది. పదకొండు అంగుళాలు. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేశాను. పెరుగుతున్నదీ లేనిదీ తెలియటానికి మేము చేసే పని అది. స్టూలు దిగి చూస్తే, సరిగ్గా ఆ బీము కింద రూతమ్మ తల్లి మంచం.

"ఇల్లన్నంక పైపులుండవా అనుకున్న సార్" అంది రూతమ్మ. "ఎవరు పెట్టిండ్రు గిది? బిల్డరా?"

నర్సింహ నేలకేసి చూశాడు. శ్రీశైలం అందుకుని, "మరి ఇంకెవరు?" అన్నాడు.

నేను మెట్ల దగ్గరికి వచ్చాను. వాళ్ళిద్దరూ వెనకే వచ్చారు. చూసింది చూసినట్టు రాస్తానని, ఇంజినీరు వచ్చేదాకా ఆ గదిలో ఎవరూ పడుకోకూడదని చెప్పాను.

"నిన్ను పిలిచింది మేము. బిల్డర్ తప్పులు రాయమని పిలిచినం" అన్నాడు శ్రీశైలం. "గిది రాస్తే ఆయన చేతికి మేమే కట్టె ఇచ్చి కొట్టుమన్నట్టు. రిజిస్ట్రేషన్ ఆపుతడు, ముహూర్తం పోతది. ఆయనే కొట్టిండని రాస్తే నీదేం పోతది?"

"రిపోర్టు మీదే. బయట ఎవరికీ ఇయ్య. కానీ ఆ పెద్దమ్మ మంచం సంగతి మీరు ఇయ్యాల చెప్పకుంటే నేను చెప్పే పోత."

నర్సింహ మెట్టు మీద కూర్చున్నాడు. జాబితాలోని ఇరవై ఏడు తప్పులు విన్నప్పుడు కూడా ఆయన ముఖం అంత చిన్నబోలేదు. బావమరిది ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. నర్సింహ లేచి, ఒక్కడే లోపలికి పోయాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి నాకు వినబడింది.

"అక్కా, గా పైపు బిల్డర్‌ది గాదు. నేను పెట్టిచ్చిన. మీ ఇంట్ల, మిమ్మల్ని అడగకుంట. పైన బీము పగిలింది. అమ్మను ఆడ పండుకోబెట్టకుండ్రి."

తర్వాత రూతమ్మ గొంతు వినబడింది.

"తిట్టుడు తర్వాత తిడత. ముందుగాల గీ కొస పట్టు, మంచం జరుపుదాం."

మంచం హాల్లోకి చేరింది. ఆ తర్వాత తిట్టింది కూడా, బాగానే.

నర్సింహ పంపిన కబురు అందగానే సుబ్బారావు వచ్చాడు. అటక చూసి, "నేను కుదరదన్నది ఇందుకేనండీ. బాత్రూం మార్చుకున్నారని తెలుసు, పైపు ఎత్తిన నేలలోనే వేశారనుకున్నాను" అన్నాడు. తాను కాదన్న విషయం రిపోర్టులో రాయమన్నాడు. కాగితం లేదు కాబట్టి, "బిల్డరు చెప్పినది, కొనుగోలుదారు ఒప్పుకున్నది" అని రాశాను. కింది ఇల్లు అప్పగించే ముందు ఆ అటక తలుపు ఒక్కసారి తీసి చూసి ఉంటే ఆయన మనుషులకే దొరికేదని కూడా రాశాను. అది ఆయనకు నచ్చలేదు. అయినా చీకటి పడకముందే సెంట్రింగ్ జాకీలు తెప్పించి, రూతమ్మ గదిలోనూ దాని కింద పార్కింగులోనూ బీములకు ఊతం పెట్టించాడు.

స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి పైపు తీసేయించాడు. బీముకు కొత్త రింగులు చుట్టించి కాంక్రీటు తొడుగు పోయించాడు. ఖర్చు నర్సింహ పెట్టుకున్నాడు. పని ముగిసేసరికి కార్తీకం దాటింది. రిజిస్ట్రేషన్ ఆ తర్వాతే జరిగింది, గృహప్రవేశం మాఘంలో చేసుకున్నారు. ఈశాన్యంలో బాత్రూం పెట్టనివ్వనని నర్సింహ తల్లి పట్టు విడవలేదు. వాయవ్యంలో పెట్టటానికి ఇంజినీరు ఒప్పుకోలేదు. చివరికి ఆ గదికి బాత్రూం లేకుండానే, ఇంట్లోని ఆరుగురూ మిగిలిన ఒక్క బాత్రూంతో సర్దుకున్నారు.

ఆ తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. కొనేవాళ్ళు సొంతంగా చేయించుకున్న మార్పులన్నీ కొలతలకు ముందే రాయించి సంతకం తీసుకునేవాణ్ణి. ఫ్లాటు చూశాక, ఆ ఇళ్ళవాళ్ళు ఒప్పుకుంటే, దాని పై ఇల్లూ కింది ఇల్లూ కూడా చూసేవాణ్ణి. ఒక ఇంటి నేల ఇంకొక ఇంటి కప్పు కాబట్టి, తలుపు దాకా చూసి ఆగితే సగమే చూసినట్టు. నేను బిల్డరు మనిషిని కాను కాబట్టి నా తనిఖీ స్వతంత్రమైనదని అప్పటిదాకా అందరికీ చెప్పుకునేవాణ్ణి. నన్ను పిలిచినవాడి తప్పు కూడా అదే జాబితాలో, అదే అక్షరాలతో రాయగలిగినప్పుడే ఆ మాట నిజమవుతుందని ఈ పనిలో తెలుసుకున్నాను. నర్సింహ రిపోర్టులో అది ఇరవై ఎనిమిదో తప్పు.