సంతోషమ్మ తాగని నీళ్లు

2022 మే నెల. తిరుపతిలో గంగమ్మ జాతర జరుగుతున్న వారం. నేను ఊళ్లోని ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్‌ని. కిడ్నీలు చెడిపోయినవాళ్ల రక్తాన్ని మిషన్‌తో శుభ్రం చేసి తిరిగి ఒంట్లోకి పంపడం మా పని. వారానికి మూడుసార్లు వచ్చే మనుషులు కాబట్టి పేషెంట్లు కొన్నాళ్లకు చుట్టాలైపోతారు. చుట్టాల్లాగే చెప్పిన మాట వినరు.

మా దగ్గర గొడవలన్నీ నీళ్ల గురించే. వీళ్లకు మూత్రం సరిగా రాదు, తాగిన నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి. అందుకే వచ్చినవాళ్లను ముందు తూకం మిషన్ ఎక్కిస్తాం. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువును డ్రై వెయిట్ అంటాం. దానికన్నా ఎంత ఎక్కువ తూగితే అన్ని నీళ్లు తాగినట్టు. "రెండు గుక్కలే సార్" అని ఒట్లు పెట్టినవాళ్ల గుట్టంతా అక్కడ రట్టవుతుంది. ఎండాకాలంలో నేను అరవని రోజంటూ ఉండదు.

సంతోషమ్మ మీద మాత్రం ఎప్పుడూ అరవలేదు. ఆమె ఏర్పేడు దగ్గరి పల్లె నుంచి బస్సులో వచ్చేది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసింది. భర్త లేడు. ఆదివారం చర్చిలో ఉండేది, ఓపిక ఉన్న రోజున ఊళ్లో ఎవరికి జబ్బు చేస్తే వాళ్లింట్లో ఉండేది. ఎండలు ఎంత మండినా ఆమె తూకం తేలిగ్గానే ఉండేది. పెదవులు మాత్రం ఎండి పగిలి ఉండేవి. "సంతోషమ్మను చూసైనా బుద్ధి తెచ్చుకోండి" అని మిగతావాళ్లను సాధిస్తుంటే, "మధ్యలో నన్నెందుకు లాగుతావు నాయనా" అని తల దించుకునేది.

ఆ మధ్యాహ్నం మా ఆర్‌ఓ ప్లాంట్ మొరాయించింది. డయాలసిస్‌కు బిందెల కొద్దీ శుద్ధి చేసిన నీళ్లు కావాలి. ఆ నీళ్లిచ్చేది ఈ ప్లాంటే. బాగుచేసే మెకానిక్ చెన్నై నుంచి రావాలి, మర్నాటికి గానీ రాలేనన్నాడు. ట్యాంకులో ఇంక ఒక్క మనిషికి సరిపడా నీళ్లున్నాయి. వంతు సంతోషమ్మది. మధ్యలో ఆదివారం రావడంతో ఆమెకు మామూలుకన్నా ఒకరోజు ఎడం ఎక్కువైంది కూడా.

ఆమెను పడుకోబెట్టి చేతికి సూదులు గుచ్చాను. ఇవి ఇంజెక్షన్ సూదుల్లాంటివి కావు, చాలా లావు. ఎన్నేళ్లు గుచ్చినా ఆ నొప్పి అలవాటు కాదు. ఇంక మిషన్ గొట్టాలు తగిలించడమే తరువాయి అనగా మునిరాజును చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు.

మునిరాజు చిత్తూరు ఫ్యాక్టరీలకు మామిడికాయలు తోలే లారీ డ్రైవరు, మా పేషెంటే. ఒంటి మీద జాతర వేషం సుద్ద పూత ఇంకా పోలేదు. పడుకోలేకపోతున్నాడు, మాట్లాడలేకపోతున్నాడు, ఛాతీలో గురగుర వినిపిస్తోంది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది.

"ఏం తాగించావమ్మా?" అని అతని భార్యను అడిగాను.

"మొక్కు సార్. వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగినాడు. గడపగడపకూ అంబలి పోసిరి. అమ్మ ప్రసాదం గదా, వద్దని యాడ చెప్పేది?"

డాక్టరు ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేశారు. అక్కడ మిషన్ ఖాళీ లేదు. మరో చోటికి పంపుదామంటే జాతర జనంలో అంబులెన్స్ కదిలేలా లేదు, ఇతను దారిలోనే పోయేలా ఉన్నాడు. డాక్టరు నా వైపు చూశారు. నేను ట్యాంకు వైపు చూశాను. సూదులు గుచ్చి పడుకోబెట్టిన మనిషిని లెమ్మని ఎవరడగాలి?

ఎవరూ అడగక్కర్లేకపోయింది. సంతోషమ్మ లేచి కూర్చుని చెయ్యి చాపింది.

"ఇవి పీకెయ్ నాయనా. ఆ అబ్బిని ఎక్కించు."

"రేపు ప్లాంటు బాగవుతుందో లేదో తెలియదమ్మా. నీకు ఏమన్నా అయితే?"

"నేను పడుకుంటే ఆ బిడ్డ ఈడనే పోతాడు. నేను తేలిగ్గా ఉండాను. తూకం నువ్వే గదా సూసినావు."

డాక్టరు అప్పటికప్పుడు ఆమెకు ఈసీజీ తీసి, రక్తంలో పొటాషియం చూశారు. అది పెరిగితే గుండె ఆగిపోతుంది. రేపటిదాకా ఫర్వాలేదు, అయితే ఇక్కడే వార్డులో ఉండాలన్నారు. నేను సూదులు తీసి, రక్తం ఆగేదాకా దూది అదిమి పట్టుకున్నాను. సాయంత్రానికి మునిరాజు వెల్లకిలా పడుకోగలిగాడు. మా పనిలో బతికాడని చెప్పడానికి అదే గుర్తు.

మర్నాడు మెకానిక్ వచ్చి ప్లాంటు నడిపేసరికి మధ్యాహ్నం దాటింది. సంతోషమ్మను తూకం ఎక్కిస్తే ముల్లు నిన్నటి చోటు నుంచి పెద్దగా కదల్లేదు. నీళ్ల గ్లాసు ముట్టలేదనీ, తడిగుడ్డతో పెదవులు అద్దుకుంటూ కూర్చుందనీ వార్డు నర్సు చెప్పింది. నిన్నటి కమిలిన మచ్చ పక్కనే మళ్లీ సూది గుచ్చుతూ అడిగాను.

"డాక్టరు తాగమన్నన్ని కూడా తాగవు. ఎందుకమ్మా ఇంత కష్టపెట్టుకోవడం?"

మెల్లగా చెప్పింది.

"వచ్చిన కొత్తల్లోనే సూసినాను నాయనా. మిషన్ చెడిపోతే ఈడ ఎవరో ఒకరు ఆగాల్సి వస్తాది. బరువెక్కి వచ్చినోళ్లు ఆగలేరు. తేలిగ్గా ఉండేవాళ్లే ఆగగలరు. అప్పటి నుంచి ఇంట్లో చెంబు ఎత్తినప్పుడల్లా, రేపు నా వంతు ఎవరికి కావాల్సి వస్తాదో అనుకొని దించేస్తాను."

"దాహం వేయదా?"

"ఎందుకెయ్యదు? ప్రాణం కొట్టుకుంటాది. మా యేసయ్య సిలువ మీద దప్పికతోనే పోయినాడు గదా. ఆయన బిడ్డను, ఒక చెంబు మానుకోలేనా?" తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఆ అబ్బికి మాత్రం సెప్పొద్దు. అంబలి తాగినందుకు సిగ్గుపడతాడు. వాడు భక్తితోనే గదా తాగినాడు."

నిన్న ఆమె వంతు వదులుకోవడమే గొప్ప అనుకున్నాను. అది చివరి అడుగు మాత్రమే. ఎవరికివ్వాలో కూడా తెలియని రోజుల నుంచీ, పల్లెలోని తన రేకుల ఇంట్లో, ఎవరూ చూడకుండా ఇస్తూనే ఉంది. నేను దేవుడికి కొబ్బరికాయ కొట్టి కోరికలు చెప్పుకునే మామూలు మనిషిని. ఆ పూట ఆమె మంచం పక్కన నిలబడితే గర్భగుడి ముందు నిలబడ్డట్టే అనిపించింది.

మునిరాజుకు నేనేమీ చెప్పలేదు.

మరుసటి ఎండాకాలం కరెంటు హెచ్చుతగ్గులకు ఒక మిషన్ కాలిపోయింది. ఒకరు మర్నాటిదాకా ఆగాలి. నా చూపు అలవాటుగా సంతోషమ్మ మీదికి పోయింది. ఆమె అప్పటికే సంచి భుజాన వేసుకుని లేచింది.

"సార్, నా తూకం సూడండి" అని మునిరాజు ముందుకొచ్చాడు. పిలవకుండా తూకం ఎక్కే పేషెంటును అంతకుముందు నేను చూడలేదు. దాదాపు డ్రై వెయిట్‌కే ఉన్నాడు. "ఈసారి అంబలి కళ్లకద్దుకొని ఇచ్చేసినాను. పెద్దమ్మను ఎక్కించండి. నేను రేపొస్తాను."

"నీకు ఎవరు సెప్పినార్రా?" అంది సంతోషమ్మ, నా వైపు అనుమానంగా చూస్తూ.

"ఎవరూ సెప్పలేదు పెద్దమ్మా. ఆ పొద్దు నాకు ఊపిరి ఆడలేదు గానీ కండ్లు కనపడినాయి. నీ చేతిలో సూదులు పీకతా ఉంటే సూసినాను."

ఆమె సంచి కింద పెట్టి, వెళ్లి పడుకుంది. నేను సూది గుచ్చుతుంటే ఆమె కళ్ల చివర నుంచి నీళ్లు చెవుల మీదికి కారాయి. నొప్పికి మాత్రం కాదు.

ఇన్నేళ్లూ ఆ తూకం మీద నేను మనుషులు తాగిన నీళ్లే చూశాను. ఇంకొకరి కోసం తాగకుండా వదిలిన నీళ్లు కూడా అందులో కనిపిస్తాయని సంతోషమ్మ వల్ల తెలిసింది. ఇప్పుడు ఎవరైనా తేలిగ్గా తూగితే, ముల్లు చూసి ఊరుకోను. వాళ్ల పెదవుల వైపు కూడా చూస్తాను.