సంచుల కింద కారిన నీళ్ళు

చేతులు వణకడం మొదలయ్యాక మా బాపును గుళ్ళో అర్చన మానేయమన్నారు. హుస్సేనీ ఆలంలో మా ఇంటి పక్కనే ఉన్న గుడి అది. ఆయన బతుకంతా అక్కడే గడిచింది. ఆ తర్వాత ఆయనకు మిగిలిన పనులు రెండే. నల్లా నీళ్ళు వచ్చిన పొద్దున బిందెలు నింపడం, జల్‌పల్లిలో మా తమ్ముడు ప్లాస్టిక్ కప్పు కట్టి వేసిన పాలీహౌస్‌కు పోయి క్యాప్సికం మొక్కలు చూసుకోవడం. ఆ మొక్కల దగ్గరే ఆయన మళ్ళీ మనిషిలా కనిపించేవాడు.

అక్కడ మొక్కలు మట్టిలో కాదు, కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో పెరుగుతాయి. ఎరువు కలిపిన నీళ్ళు సన్న పైపుల్లోంచి మొక్క మొదట్లో చుక్కలుగా పడతాయి. మొక్క తాగగా మిగిలినవి సంచి అడుగునుంచి కారి కాలువలోకి పోవాలి. పోతూ పోతూ సంచిలో ఎరువు వల్ల పేరుకున్న ఉప్పును కడిగేసుకుపోవాలి. తమ్ముడు ఈ సంగతి బాపుకు చెప్పలేదు. పైపులు మూసుకుపోకుండా చూడమన్నాడు, అంతే. వాడి తొందర వాడిది.

మేము రోజు విడిచి రోజు నల్లా వచ్చే గల్లీవాళ్ళం. బియ్యం కడిగిన నీళ్ళు తులసి కోటకు పోతాయి, బట్టలు పిండిన నీళ్ళు వాకిలికి పోతాయి. అట్లా బతికిన మనిషి, ఎరువు నీళ్ళు కళ్ళముందే కాలువ పాలవుతుంటే ఎలా ఊరుకుంటాడు? తమ్ముడు సరుకుతో చార్మినార్ వైపు పోగానే సంచుల కింద బకెట్లు పెట్టేవాడు. నిండినవి మళ్ళీ మొక్కలకే పోసేవాడు. ఎండాకాలమంతా అదే పని. నాతో ఒకసారి మురిపెంగా చెప్పాడు కూడా.

"బిడ్డా, ఒక్క చుక్క గూడ ఇడ్సిపెడ్తలేను."

నాకూ మంచిపనే అనిపించింది.

ముందు ఆకుల అంచులు మాడాయి. తర్వాత సంచులు తడిగానే ఉన్నా మొక్కలు వాలిపోయాయి. బలం చాలడం లేదేమోనని తమ్ముడు ఎరువు పెంచాడు. బాపు ఆ కారినవి కూడా పట్టి పోశాడు. ఒక మధ్యాహ్నం తొందరగా తిరిగొచ్చిన తమ్ముడు, బకెట్‌తో వంగి ఉన్న బాపును చూశాడు. ఉప్పు కొలిచే మీటరు ఆ బకెట్లో ముంచి, ఉప్పు ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉందని చూసి నెత్తి పట్టుకున్నాడు. ఉత్త నీళ్ళతో సంచులు కడుగుదామంటే బోరు ఎండిపోయింది, ట్యాంకర్ దొరకలేదు. ఆ వారంలోనే పంటంతా పీకేయాల్సి వచ్చింది.

పీకిన రోజు నేనూ పోయాను. తమ్ముడు అరవలేదు. అరిచినా బాగుండేది.

"బాపూ, రేపటి సంది నువ్వు గీడికి రాకు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ముందుగాల నువ్వు చెప్తే గిట్లయితుండెనా?" అని అడిగాను. వాడు వంగి ఇంకో మొక్క పీకాడు.

బాపు ఖాళీ బకెట్లను ఒకదాంట్లో ఒకటి పెట్టి గోడవారగా ఉంచాడు. ఇద్దరం ఆటోలో ఇంటికి బయల్దేరాం. మా గల్లీ మలుపులో దిగాక నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగాడు.

"బిడ్డా, ఇంట్ల బిందెలు నింపుడన్న నాకు ఉంచుతరా?"