హెడ్‌ఫోన్స్ తీసినా ఆగని తంబురా

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందు రాస్తాను. హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టాక కూడా చెవిలో తంబురా ఆగలేదన్న సంగతి నాకు మొదటి రోజే తెలుసు. చాలా రోజుల తర్వాత తెలిసిందని డాక్టరుగారితో అన్నాను, నాన్నతో అన్నాను. అది అబద్ధం. ఆ రోజు డైరీలో రాసుకున్నాను కూడా: "కేసెట్ ఆపాను. శ్రుతి ఇంకా మోగుతోంది. ఈ రోజు ఇరవై రెండో ఇంజెక్షన్."

మాది విజయవాడ వన్ టౌన్. మా తాత నాదస్వరం వాయించేవాడు. ఇంట్లో నమాజు చేసుకుని వెళ్ళి గుడిలో కల్యాణానికి వాయించి వచ్చేవాడు. కావేరి ఒడ్డున ఉండి తెలుగులో వందల కీర్తనలు కట్టిన ఆ వాగ్గేయకారుణ్ణి తాత ఎప్పుడూ పేరు పెట్టి అనలేదు, అయ్యవారు అనేవాడు. మా అందరికీ అదే అలవాటైంది. నాన్న నాదస్వరం పట్టలేదు. తాత దాచిన రికార్డులు, స్పూల్ టేపులు పెట్టుకుని రికార్డింగ్ షాపు తెరిచాడు. కేసెట్ల రోజులవి. జనం కావలసిన పాటలు కాగితం మీద రాసిచ్చేవాళ్ళు, మేం ఖాళీ కేసెట్లో ఎక్కించి ఇచ్చేవాళ్ళం. షాపు నడిచింది సినిమా పాటల మీదే. కానీ అయ్యవారి కీర్తనల కోసం బందరు నుంచి, గుడివాడ నుంచి కూడా మనుషులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు.

నేను కౌంటరులో కూర్చునేదాన్ని కాదు. కొత్తవాళ్ళు పలకరిస్తే నాకు నోరు పెగలదు. కర్టెన్ వెనక చిన్న గదిలో రికార్డింగ్ పని నాది. పాత రికార్డు గరగర తగ్గేలా బాస్, ట్రెబుల్ చెవితో సరిచూడాలి. ఎక్కించాక కేసెట్ రెండు వైపులా మొత్తం వినాలి. అట్ట మీద రాగం, తాళం రాయాలి. వేరే షాపుల్లో మొదలు కాస్త, చివర కాస్త విని ఇచ్చేసేవాళ్ళు. మొత్తం వినాలన్నది నాన్న పెట్టిన నియమం. అది నాకు పనిలా ఉండేది కాదు. ఒళ్ళో లైబ్రరీ పుస్తకం, చెవుల్లో అయ్యవారు. అంతకు మించి నాకేమీ అక్కర్లేదనుకునేదాన్ని. మా అమ్మ మాత్రం, ఆ డిప్పలు చెవులకే అతుక్కుపోతాయి, నిన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళకి వాటితో కలిపి చూపించాలి అని వేళాకోళం చేసేది.

డిగ్రీ పరీక్షలయిన ఏడాది దగ్గు పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. ఒక రోజు కఫంలో ఎర్రటి చార కనబడింది. ఎక్స్‌రే, కఫానికి స్ప్యూటమ్ టెస్ట్ చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు. మూడో నెలకి దగ్గు పోయింది, బరువు పెరిగాను. మాత్ర వేసుకున్న రోజల్లా వికారం, మూత్రం నారింజ రంగు. తగ్గిపోయింది కదా అని నా అంతట నేనే మానేశాను. మాత్రలు వేసుకుంటున్నట్టే ఇంట్లో నమ్మించాను.

ఏడాది తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి డాక్టరుగారు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూశారు.

"మందులు మధ్యలో ఆపేశావా?"

నాన్న నా వైపు చూసి, తర్వాత నేల వైపు చూశాడు.

"చదువుకున్న పిల్లవి. మళ్ళీ ఆపితే మూడోసారి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ ఉండదమ్మా," అన్నారు ఆయన. ఎనిమిది నెలలు మాత్రలు, మొదటి రెండు నెలలు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ రాశారు.

ఇంటికొచ్చేదాకా నాన్న రెండు ఎక్స్‌రేలూ చంకలో పెట్టుకుని నాకంటే ముందు నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రోజూ పొద్దున్నే హెల్త్ సెంటర్‌కి వెళ్ళేదాన్ని. అక్కడి సిస్టర్ మంచావిడ. సిరంజిలోకి మందు లాగుతూ అందరినీ అడిగినట్టే నన్నూ అడిగేది, వాంతులా, కళ్ళు తిరగడమా, చెవుల్లో హోరా అని. వెనక వరుసలో పదిమంది నిలబడి ఉండేవాళ్ళు. నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

ఇరవై రెండో రోజున తంబురా ఆగలేదు. మర్నాడు సిస్టర్ అడిగినప్పుడు కూడా తల అడ్డంగానే ఊపాను. చెబితే ఇంజెక్షన్ ఆపుతారు. ఆపితే జబ్బు పోదు. పైగా ఈ పిల్ల మళ్ళీ మందు ఎగ్గొట్టడానికి సాకు వెతుకుతోందని నాన్న అనుకుంటాడు. ఈ మూడూ వరసగా డైరీలో రాసుకున్నాను. రాసుకుంటే చెప్పేసినట్టే ఉండేది.

నాలుగు రోజులకి నన్ను నేనే నమ్మించుకున్నాను. అయ్యవారి కీర్తన ఏది తీసుకున్నా అడుగున మొదటి నుంచి చివరి దాకా తంబురా ఉంటుంది. రోజుకి ఆరేడు గంటలు అదే వినేదాన్ని. విన్నదే చెవిలో నిలిచిపోతోంది, ఇది జబ్బు కాదు, అలవాటు అనుకున్నాను. పాట మసకగా వినబడితే తప్పు టేప్ డెక్ మీద వేశాను. టేపు తాకే హెడ్ అరిగిపోయింది నాన్నా అన్నాను. నాన్న స్పిరిట్‌లో దూది ముంచి తుడిచాడు. మళ్ళీ మసకే అన్నాను. మెకానిక్ దగ్గరికి మోసుకెళ్ళాడు. హెడ్ బ్రహ్మాండంగా ఉందండీ అన్నాడట అతను. మా అమ్మాయి చెవి తప్పు చెప్పదు అని నాన్న కొత్త హెడ్ వేయించుకుని వచ్చాడు. కొత్త హెడ్‌తోనూ మసకగానే ఉంది. బాగుంది నాన్నా అన్నాను. పై స్వరాలు పదునుగా వినబడేలా ట్రెబుల్ కాస్త పెంచాను. మర్నాడు ఇంకాస్త.

ఈలోగా నడక మారింది. సందులో గోడ పట్టుకుంటూ నడిచేదాన్ని. నమాజులో నుదురు నేలకి ఆనించే సజ్దా నుంచి లేస్తే గది పక్కకి ఒరిగేది. నీరసం అన్నాను. అమ్మ రోజూ గుడ్డు పెట్టింది.

నలభై ఒకటో ఇంజెక్షన్ రోజున కంకిపాడు నుంచి సంగీతం టీచరుగారు వచ్చారు. అంతకు కొద్ది రోజుల ముందు ఆవిడ పిల్లలకి నేర్పడానికి అయ్యవారి పెద్ద కీర్తనలు ఐదూ మా దగ్గర ఎక్కించుకుని వెళ్ళారు. ఆ కేసెట్ కౌంటరు మీద పెట్టి నాన్నతో అన్న మాటలు నాకు కర్టెన్ వెనక సరిగా వినబడలేదు. తర్వాత నాన్న చెప్పాడు.

"మస్తాన్ గారూ, ఇదేంటండీ ఇలా ఎక్కించారు? వయొలిన్ వింటుంటే పళ్ళు జివ్వుమంటున్నాయి. మీ షాపు కేసెట్టేనా ఇది?"

నాన్న పెట్టి విన్నాడు. ఆ వారంలో నేను ఎక్కించినవి ఇంకో నాలుగు తీసి విన్నాడు. అన్నీ అంతే. టీచరుగారిని కూర్చోమని, గదిలోకి వచ్చి నా వెనక నిలబడ్డాడట. "మీరా" అని పేరు పెట్టి పిలిచాడట. నేను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి, అట్ట మీద రాగం పేరు రాస్తున్నాను. తాత కంచు తాళాలు అల్మరాలో ఉండేవి. అవి తీసి నా తల వెనక మెల్లగా కొట్టాడట, తర్వాత గట్టిగా. ఏదో కదిలినట్టనిపించి నేను వెనక్కి తిరిగేసరికి నాన్న రెండు చేతుల్లో తాళాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. టీచరుగారు కర్టెన్ పట్టుకుని ఉన్నారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటున్నారు. ఏమైంది నాన్నా అని అడిగాను. నిజంగానే నాకు అర్థం కాలేదు.

ఆ మధ్యాహ్నమే ఈఎన్‌టీ డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. వినికిడి కొలిచే ఆడియోగ్రామ్ చేశారు. శబ్దం వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ నొక్కకుండా కూర్చున్నాను. అద్దం అవతల ఆవిడ శబ్దం పెంచుతూనే ఉన్నారని ఆవిడ చెయ్యి చూస్తే తెలుస్తోంది. దొంగతనంగా ఒకసారి నొక్కాను కూడా.

"హై ఫ్రీక్వెన్సీ లాస్. సన్నటి శబ్దాలు వినబడటం లేదు. రెండు చెవులూ," అన్నారు ఆవిడ కాగితం మీద కిందికి జారిపోయే గీత చూపిస్తూ. "బ్యాలన్స్ కూడా పోయింది. స్ట్రెప్టోమైసిన్ ఇవాళే ఆపేయండి. హోరు ఎప్పట్నుంచి?"

"వారం," అన్నాను.

తిరిగి వస్తుందా అని నాన్న అడిగాడు. పోయింది రాదండీ, మందు ఆపినా ఇంకొన్నాళ్ళు తగ్గుతూ ఉండొచ్చు, ఎక్కడ ఆగుతుందో చూద్దాం అన్నారు. విటమిన్ మాత్రలు రాశారు, వీటి మీద ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పారు.

తర్వాతి ఆరు వారాలు రాయడం నాకు కష్టం. ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. షాపులో ఉన్న అయ్యవారి కీర్తనలన్నీ జాబితా వేశాను. వినికిడి పోయేలోపు ఒక్కొక్కటీ చివరిసారి వినాలి. లేచింది మొదలు అదే పని. తిండి ధ్యాస లేదు, అమ్మ ముద్దలు కలిపి పెట్టేది. మొన్న వినబడ్డ సంగతి ఇవాళ వినబడేది కాదు. ముందు మృదంగం మీద వేలి చప్పుడు పోయింది. తర్వాత వయొలిన్ పై స్థాయి. తర్వాత సాహిత్యంలో స, శ అక్షరాలు. మాట ఉన్నచోట గాలి వినబడేది. నా చెవిలో మోగే తంబురా ఏ రాగానికీ ఆగదు, కీర్తన శ్రుతి ఒకటి, దాని శ్రుతి ఒకటి. ఒక మధ్యాహ్నం భరించలేక హెడ్‌ఫోన్స్ గోడకేసి కొట్టాను. అప్పటిదాకా నేను చేసిన గట్టి పని అదొక్కటే.

నాన్న విరిగిన ముక్కలు ఏరి, పక్కన కూర్చుని, స్పీకరు పెట్టాడు. నా డైరీ తీసుకుని పాట నడుస్తుండగా రాయడం మొదలుపెట్టాడు: "ఇప్పుడు వయొలిన్ పై షడ్జమం పట్టుకుంది. ఇప్పుడు ఆపేసింది. ఇప్పుడు మృదంగం ఒక్కటే." నాన్న చేతిరాత ఉన్న పేజీలు ముప్పై దాకా ఉన్నాయి. అంతకు ముందు నా డైరీ ఎవరూ ముట్టలేదు. ఆయన వెనక పేజీలు తిప్పలేదు. తిప్పి ఉంటే ఇరవై రెండో ఇంజెక్షన్ రోజు కనబడేది.

మూడో నెల స్ప్యూటమ్ పాజిటివ్ వచ్చింది. చెవులు పోయాయి, జబ్బు పోలేదు. మిగిలిన మాత్రలు ఇంకో నెల పొడిగించారు. ఇంక వేసుకోను అన్నాను. అమ్మ బతిమాలింది. నాన్న బతిమాలలేదు. నాకు పెదవులు కనబడేలా ఎదురుగా కూర్చుని, "వినబడకపోయినా నువ్వు ఉంటావు. నువ్వు లేకపోతే ఈ కేసెట్లు నాకెందుకు?" అన్నాడు. వేసుకున్నాను. నాలుగో నెల చివర నెగటివ్ వచ్చింది. తొమ్మిది నెలలూ ఒక్క రోజు కూడా తప్పలేదు.

వినికిడి సగానికి పైగా పోయి అక్కడ ఆగింది. ఇప్పుడు రెండువేల సంవత్సరం దాటి చాలా ఏళ్ళయింది. ఎడమ చెవికి హియరింగ్ ఎయిడ్ ఉంది. అది మాటలకి పనికొస్తుంది, సంగీతానికి పనికిరాదు. ఒక లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు వేసే పని చేస్తున్నాను. చీకట్లో నడవలేను, తూలిపోతాను. అప్పుడప్పుడూ అయ్యవారి సీడీ పెట్టుకుంటాను. అందులో వింటున్నదెంత, గుర్తు తెచ్చుకుంటున్నదెంత, నాకే తెలియదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఇలాంటి ఇంజెక్షన్లు చేయించుకుంటుంటే ఒక్క మాట. చెవిలో హోరు, నడకలో తూలడం మొదలైన రోజే, ఇంకో సూది పడకముందే చెప్పండి. నాలా నోరు పెగలనివాళ్ళు ఇంట్లోనే ఒక చీటీ మీద రాసుకుని వెళ్ళి సిస్టర్ చేతిలో పెట్టండి. డైరీలో రాసుకుంటే ఎవరికీ అందదు. పంతొమ్మిది ఇంజెక్షన్లు ముందే చెప్పి ఉంటే నాకు ఎంత మిగిలి ఉండేదో ఎవరూ చెప్పలేరు. అది మాత్రం రోజూ అనుకుంటాను.

పోయినేడు నాన్నకి గుండెపోటు వచ్చింది. ఐసీయూలో రెండో రోజు పొద్దున నేను పక్కన ఉన్నాను. ఆయన మొహానికి ఆక్సిజన్ మాస్క్ ఉంది. ఏదో అంటున్నాడు, పెదవులు కనబడక నాకు తెలియడం లేదు. అది గ్రహించి మాస్క్ కిందికి లాగి, నా వైపు తిరిగి, మెల్లగా అన్నాడు. నేను పరుగెత్తి, ఎవరున్నారో చూడకుండా, గట్టిగా చెప్పాను. డాక్టర్లు, సిస్టర్లు వెంటనే వచ్చారు, చేయవలసినదంతా చేశారు. సాయంత్రానికి ఆయన పోయాడు. నాతో ఆయన చివరగా అన్నది ఇది:

"నొప్పి మళ్ళీ మొదలైంది మీరా. నువ్వే వెళ్ళి చెప్పమ్మా."