వకీలు సాబ్ విప్పిన నల్లకోటు

వకీలు సాబ్ నల్లకోటు విప్పి, ఎర్రకండువా వేసుకుని నామినేషన్‌కు బయలుదేరిన రోజు నేను ఏడ్చాను. మొన్న కరీంనగర్ కోర్టు ముందు ఇస్త్రీపెట్టె కింద వేడెక్కిన నల్లకోటు వాసనకు అదంతా గుర్తొచ్చింది.

మా బాపును పోలీసులు మరమగ్గాల షెడ్డులోంచి తీసుకుపోయారు. కోర్టులో మాత్రం తమకేమీ తెలియదన్నారు. బాపును చూపించమని కేసు వేసి కొట్లాడుతున్నది వకీలు సాబే. ఆ కోటు ఉంటేనే జడ్జి మాట వింటాడని నేననుకునేదాన్ని.

"సార్, గా కోటు మా అవ్వకియ్యుండ్రి. ఆమె తొడుక్కొని అడుగుతది," అన్నాను. అవ్వంటే మా అమ్మ.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "నోరు ముయ్యి పోరీ," అంది అవ్వ.

ఆయన నవ్వలేదు. "కోర్టుల అడిగి అడిగి యాష్టకొచ్చింది చెల్లె. గెలిస్తే అసెంబ్లీల అడుగుత," అన్నారు అవ్వతో.

గెలిచారు. అడిగారు కూడా. విచారిస్తున్నామని జవాబొచ్చింది. కోటు విప్పిన రోజు ఆయన మమ్మల్ని వదిలేసి పోతున్నారనుకున్నాను. ఎంత అలసిపోయారో ఇప్పుడు తెలుస్తోంది.

పెత్రమాస నాడు చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు పేర్లు అడుగుతారు. తాత పేరు చెప్పి అవ్వ ఆగిపోతుంది. బాపు పేరు చెప్పాలో వద్దో మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.